తెల్లబట్ట... దాచుకుంటే తగ్గదు!

పంటి నొప్పి వస్తే వీధంతా తెలుస్తుంది. తెల్లబట్ట అవుతుంటే మాత్రం పక్కన కూర్చుని బీడీలు చుట్టే అక్కకు కూడా చెప్పరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లకు బీడీలే బతుకుదెరువు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. లెక్క పూర్తయ్యేదాకా లేవడానికి ఉండదు. మధ్యలో దురద మొదలైతే 'వేడి చేసింది' అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇల్లాలికైతే ఇంకో భయం... ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని!

నిజానికి ఆ భయం అక్కర్లేదు. దురదతో కూడిన తెల్లబట్టకు తరచూ కనిపించే కారణాల్లో ఒకటి ఈస్ట్ ఇన్‌ఫెక్షన్. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్యుల అంచనా. దీన్ని సుఖవ్యాధిగా లెక్కించరు. పెళ్లి కాని పిల్లలకూ రావచ్చు. నడవడికకూ దీనికీ సంబంధం లేదు.

ఎందుకొస్తుంది?

కల్లు పులిసి పొంగేది ఈస్ట్ వల్లే. దానికి దూరపు చుట్టం క్యాండిడా. ఇది చాలామంది ఒంట్లో ఎప్పుడూ కొద్దిగా ఉండేదే. పాలను పెరుగు చేసే జాతికి చెందిన మంచి బ్యాక్టీరియా యోనిలో ఉండి, దాన్ని అదుపులో పెడుతుంది. యాంటిబయాటిక్స్ వాడినప్పుడు ఈ మంచి బ్యాక్టీరియా తగ్గిపోతుంది. అప్పుడు ఈస్ట్ విజృంభిస్తుంది. గర్భిణులకు, షుగర్ అదుపులో లేనివారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ముప్పు ఎక్కువ. చెమటకు తడిసిన బిగుతు బట్టలూ దీనికి అనుకూలమే.

అన్నీ ఒకటి కాదు

నెలసరికి నెలసరికి మధ్య దురద, వాసన లేకుండా కొద్దిగా తెల్లబట్ట కావడం సహజం. దానికి మందులు వద్దు. ఈస్ట్ అయితే విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా తెల్లబట్ట, విపరీతమైన దురద, మంట ఉంటాయి. చెడు వాసన సాధారణంగా ఉండదు. చేపల వాసన వస్తున్నా, పచ్చగా నురగలా అవుతున్నా అది వేరే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మందూ వేరే. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, రక్తం కలిసి వస్తున్నా ఆలస్యం చేయకూడదు. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మందు చిన్నదే

ఈస్ట్ అని తేలితే యోనిలో ఉంచుకునే క్లోట్రిమజోల్ మాత్రలు గానీ, నోటితో వేసుకునే ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి గానీ డాక్టర్లు ఇస్తారు. చాలామందికి వారంలోపే నెమ్మదిస్తుంది. గర్భిణులకు నోటి మాత్ర సాధారణంగా ఇవ్వరు. వారికి క్లోట్రిమజోల్‌నే ఏడు రోజులు వాడిస్తారు. భర్తకు దురద, మంట లేకపోతే అతనికి మందు అవసరం ఉండదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులతోనే చిక్కు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత సమస్య ముదురుతుంది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే షుగర్ పరీక్ష తప్పనిసరి. షుగర్ ఉందన్న సంగతి కొందరికి ఇలాగే బయటపడుతుంది.

ఇవి పాటిస్తే మేలు

* లోపల సబ్బు, డెట్టాల్ నీళ్లతో కడగకూడదు. మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. బయట మామూలు నీళ్లు చాలు.
* పెరుగు తింటే మంచిదే. లోపల రాయకూడదు.
* నూలు లోదుస్తులు వాడాలి. ఎండలో పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. ఎవరికీ కనబడకూడదని చీర చాటున ఆరేస్తే తడి పోదు.

ఒకప్పుడు పెద్ద డాక్టర్ కావాలంటే కరీంనగర్ బస్సెక్కాల్సి వచ్చేది. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. నోరు తెరిచి చెప్పడానికి మొహమాటమైతే ముందు ఊళ్లోని ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు, దారి చూపిస్తుంది. ఇంట్లో అత్తలు, అమ్మలు కూడా కోడలు, కూతురు ఇబ్బందిగా కదులుతుంటే 'ఏమైంది బిడ్డా?' అని ఒక్క మాట అడగాలి. వారం రోజుల మందుతో పోయే బాధను ఏళ్ల తరబడి మోయాల్సిన ఖర్మ ఏ ఆడపిల్లకూ లేదు.