సీటు బిగించడానికి ఆదివారం దాకా ఆగాలా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తుంది. నెల రోజులుగా సీటు నిలవట్లేదని ఒకటే గొడవ. "ఆదివారం చూస్తాలేమ్మా" అంటారు వాళ్ళ నాన్న. నాలుగు ఆదివారాలు గడిచాయి. మధ్యలో రెండుసార్లు షాపుకి తీసుకెళ్ళారు. షాపతను సుత్తితో రెండు దెబ్బలు వేసి, నట్టు బిగించి పంపాడు. మూడో రోజుకల్లా సీటు వెనక్కి వాలి, ముందు ముక్కు పైకి లేచింది.

ఒకరోజు పిల్ల "ఇక ట్యూషన్‌కి వెళ్ళను" అంది. ఆయనకి కోపం వచ్చింది. "ఆడపిల్లకి సైకిలెందుకని ముందే చెప్పానుగా" అన్నారు అత్తయ్యగారు. రాత్రి పక్కన పడుకుని అడిగితే, ఆ సీటు ఎక్కడ ఒరుసుకుంటోందో మెల్లగా చెప్పింది. ఆ మాట నాన్నతో ఎలా చెప్తుంది? షాపతనితో చెప్తుందా? నాతో చెప్పడానికే నెల పట్టింది!

అందుకే కాస్త గట్టిగానే అంటున్నాను. సైకిల్ రిపేరు మగవాళ్ళ పనని వదిలేయడం మన తప్పు. కుక్కర్ పిడి ఊగితే ఎవరికోసం ఆగుతాం? చాకు మొనతో స్క్రూ బిగించేస్తాం. గ్యాస్ సిలిండర్ మారుస్తాం, కుట్టుమిషన్ బెల్టు వేస్తాం. వంటింట్లో పనిచేసే చెయ్యి వీధి వరండాలోకి రాగానే చేతకానిదైపోతుందా?

మర్నాడు నేనే పానా పట్టుకున్నాను. సీటు కింద క్లాంపు ఉంటుంది, దానికి రెండు పక్కలా నట్లు. మా సైకిల్‌కి 13 నంబరు పానా సరిపోయింది. విప్పి చూస్తే లోపల బిళ్ళలకి సన్నటి పళ్ళున్నాయి. అవి ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే సీటు కదలదు. మావి అరిగి నున్నగా అయిపోయాయి. ఇక పైనుంచి ఎంత బిగిస్తే ఏం లాభం? కొత్త క్లాంపు తెచ్చి, సీటుని నేలకి సమంగా పెట్టి, నట్లు రెండూ ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. ఆ పళ్ళ మధ్య నూనె మాత్రం వేయకండి.

సీటు వాలకుండా కిందికి దిగిపోతుంటే అది వేరే జబ్బు. సీటు పైపు ఫ్రేములోకి దిగేచోట ఇంకో బోల్టు ఉంటుంది. పైపు బయటికి తీసి జిడ్డు తుడిచి బిగించాలి. అప్పటికీ జారితే, ఆ ఫ్రేముకి పైపు సన్నదైందేమో చూడాలి. పైపు మీద గీత ఉంటే, అది బయటికి కనిపించేంత పైకి లాగకూడదు.

"ఉన్న చాకిరీ చాలదా, ఇది కూడా మన నెత్తినేనా?" అంటారేమో. నిజమే, ఆ మాట నాకూ అనిపించింది. కానీ ఇది ఆయన పని నేను తీసుకోవడం కాదు, పిల్లకి నేర్పడం. రెండో నట్టు చివరి చుట్లు తనతోనే తిప్పించాను. అబ్బాయి ఉంటే వాడికీ నేర్పండి.

2006లో బీహార్‌లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళ కోసం ప్రభుత్వమే డబ్బిచ్చే పథకం పెట్టారు. మన దగ్గర కూడా ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. దూరం వల్ల చదువు ఆగకూడదనే కదా! అలాంటి చదువు ఒక వదులు నట్టు దగ్గర ఆగిపోతే ఆ తప్పు ఎవరిది?

ఇవాళ మీ అమ్మాయి సైకిల్ సీటు పట్టుకుని పైకీ కిందికీ ఒకసారి ఊపి చూడండి. ఊగితే, ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడగండి. తర్వాత ఇద్దరూ కలిసి పానా పట్టుకోండి.