పాత టైం మిషన్‌కి కొత్త రంగు... ఎక్కుదామా?

మా ఇంట్లో సినిమా మాట వస్తే చాలు, రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీకి నాయకుడు మా నాన్న. రేపల్లెలో ఉంటారు. ‘పాతదంతా బంగారం, కొత్తదంతా గిల్టు’ అన్నది ఆయన మేనిఫెస్టో. రెండో పార్టీకి నాయకుడు మావాడు. వయసు పదేళ్లు. ‘గ్రాఫిక్స్ లేకపోతే అదీ ఒక సినిమానా’ అంటాడు. మధ్యలో తెనాలిలో నేను. ఓటు ఎవరికి వేసినా రెండోవాళ్లు రెండురోజులు మాట్లాడరు.

2025 ఏప్రిల్ 4న ‘ఆదిత్య 369’ మళ్లీ థియేటర్లకి వచ్చినప్పుడు ఈ గొడవ ముదిరింది. పాత ప్రింటుని 4కేలోకి మార్చి, శుభ్రంగా తుడిచి వదిలారు. నాన్న పొద్దున్నే ఫోన్ చేసి, ‘టిక్కెట్లు తీయి, నేనూ వస్తున్నా’ అన్నారు. ఆయన హాల్లో సినిమా చూసి పదేళ్లు దాటింది. మావాడేమో ‘అది నువ్వు పాలు తాగేటప్పటి సినిమా కదమ్మా, నేను రాను’ అని మంచం కింద దూరాడు. బతిమాలి, బెదిరించి, పాప్‌కార్న్ ఆశ చూపించి బయటికి లాగాను. రేపల్లె పాసింజర్లో నాన్న తెనాలి వచ్చారు. బాపట్ల నుంచి మా చెల్లెలు వచ్చింది. అందరం కలిసి విజయవాడ వెళ్లాం.

ఆ ప్రయాణంలో మొదలైన ప్రశ్న ఇది. పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల పేర్లు పట్టుకుని మళ్లీ మళ్లీ తీస్తున్నారు కదా, వాటిని డబ్బులిచ్చి చూడాలా? ఊరికే అడగట్లేదు. ‘ఆదిత్య 999 మ్యాక్స్’ పేరుతో దీనికి కొనసాగింపు ఉంటుందని, అందులో తన కొడుకు మోక్షజ్ఞ ఉంటాడని బాలకృష్ణ 2024లోనే చెప్పారు. అది వస్తే మా ఇంట్లో మళ్లీ ఎన్నికలే!

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. మన గుంటూరు గోంగూర లెక్కలో చెబుతాను. జాడీలో ఉన్న నిల్వ పచ్చడి తీసి మళ్లీ తాలింపు పెడితే అది రీరిలీజ్. అమ్మ చేసిన కొలతలతోనే కోడలు కొత్తగా చేస్తే రీమేక్. ఆ పచ్చడితో మర్నాడు పులిహోర కలిపితే సీక్వెల్. ‘జాడీ పేరు మాత్రం ఉంచండి, లోపల ఏం పెట్టాలో నేను చూసుకుంటా’ అంటే రీబూట్. పేరు ఒకటే కాబట్టి అందరూ విస్తరి ముందు కూర్చుంటారు. రుచి కుదరకపోతే లేచేటప్పుడు తిట్టేది మాత్రం పాత జాడీని!

మనకేం కొత్త?

నిజానికి మళ్లీ తీయడం మనకి తప్పుకాదు. నాన్న ప్రాణం పెట్టే ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. మన తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి కలిసి తీసిన బంగారం అది. కానీ అదే కథ 1936లోనే పి.వి.దాసు దర్శకత్వంలో తెరకెక్కింది. అప్పుడెవరైనా ‘ఒకసారి చూసేశాం, ఇంకెందుకు’ అనుకుని ఉంటే ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావుని చూసేవాళ్లమా? ‘లవకుశ’ని సి.పుల్లయ్య 1934లో తీశారు. మళ్లీ రంగుల్లో ఆయనే మొదలుపెడితే, కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశారు. 1963లో వచ్చిన ఆ సినిమానే ఇవాళ మనందరికీ గుర్తుంది.

ఈ మాట అన్నందుకు నాన్న కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. మావాడు మాత్రం విజయగర్వంతో నావైపు చూశాడు. వాడికీ ఒకటి తగిలించాలి కదా!

హాలీవుడ్‌లో ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ 1968లో వచ్చింది. కోతులు ఏలే లోకంలో మనిషి బందీ అయితే ఎలా ఉంటుందన్నది కథ. 2001లో టిమ్ బర్టన్ దాన్ని మళ్లీ తీశాడు. మేకప్ బ్రహ్మాండం. కానీ హాల్లోంచి బయటికొస్తే చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. 2011లో ఇంకొకరు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కథ ఒక ఇంట్లో మొదలైంది. మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని బాగుచేయాలని కొడుకు మందు కనిపెడతాడు. ఆ మందే కోతికి తెలివినిస్తుంది. అక్కడ గ్రాఫిక్స్ ఉన్నాయి. కానీ మనల్ని పట్టుకున్నది ఆ తండ్రీకొడుకులే. అందుకే ఆ వరస నిలబడింది. ‘రోబోకాప్’ని 2014లో, ‘టోటల్ రీకాల్’ని 2012లో కొత్తగా తీశారు. మెరుపులు పెరిగాయి. అయినా జనం ఇప్పటికీ చెప్పుకునేది 1987, 1990 నాటి సినిమాల గురించే.

తేడా ఎక్కడుంది? కొత్త మిషన్ కొన్నందుకు తీశారా, కొత్త ప్రశ్న పుట్టినందుకు తీశారా... అక్కడుంది.

రాయలవారి కొలువుకి

హాల్లో లైట్లు ఆరాయి. 1991 జులై 18న విడుదలైన సినిమా. నాన్నకి అప్పుడు సరిగ్గా నా ఇప్పటి వయసు. పుష్పక విమానం తీసిన సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు. మాటలు జంధ్యాల, పాటలకి ఇళయరాజా. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ చేతికందని రోజుల్లో సెట్లతోనూ కెమెరా కిటుకులతోనూ 1526కీ 2504కీ తీసుకెళ్లారు.

మొదటి అరగంట మావాడు నవ్వుతూనే ఉన్నాడు. ‘అమ్మా, ఆ మిషన్ చూడు, బొమ్మలా లేదూ’ అని. రాయలవారి కొలువులోకి తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్ అడుగుపెట్టగానే, ‘మన ఊరాయన!’ అని సీట్లోంచి లేచాడు. ఆ తర్వాత పాప్‌కార్న్ మాట మర్చిపోయాడు.

నాన్న చీకట్లోనే లెక్కపెడుతున్నారు. ‘సిల్క్ స్మిత పోయింది. అమ్రీష్ పురి పోయాడు. సుత్తివేలు పోయాడు. జంధ్యాల లేడు. ఈ కథని తీయమని ముందుకి నెట్టిన బాలసుబ్రహ్మణ్యం కూడా లేడు. చంద్రమోహన్ మొన్న 2023లో...’ తెరమీద మాత్రం అందరూ నవ్వుతూనే ఉన్నారు. టైం మిషన్ అంటే ఇదేనేమో అనిపించింది.

ఇక్కడో చిత్రం చెప్పుకోవాలి. ఈ ఊహకి మూలం ఇంగ్లండు రచయిత హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన ‘ది టైం మెషీన్’ నవల. అందులో కథానాయకుడు ముందుకే వెళతాడు, 802701వ సంవత్సరానికి. మనవాళ్లు అదే విత్తనం తెచ్చి మన మట్టిలో నాటారు. తెలుగువాడి చేతికి కాలయంత్రం దొరికితే ముందు ఎక్కడికెళతాడు? కృష్ణదేవరాయల దగ్గరికే! 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’లో ఎన్టీఆర్ పెట్టుకున్న రాయలవారి కిరీటం 1991లో కొడుకు తలమీదికి వచ్చింది. ఆ తర్వాతే 2504కి వెళ్లి, అణుయుద్ధం కాల్చేసిన నేలని, భూగర్భంలో బతికే మనుషుల్ని చూపించారు. అది ఆనాటి భయం.

మరి వెల్స్ కథని సొంత దేశస్థులు ఏం చేశారు? 2002లో ఆయన మునిమనవడు సైమన్ వెల్సే దర్శకత్వం వహించి మళ్లీ తీశాడు. చనిపోయిన ప్రియురాలిని కాపాడుకోడానికి కథానాయకుడు వెనక్కి వెళతాడు. ఆమె ఇంకోలా చనిపోతుంది. ఎంత మంచి ప్రశ్న! కానీ కాసేపటికే దాన్ని వదిలేసి పరుగులు, పోరాటాల్లో పడ్డారు. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన కథమీద పట్టు రాదన్నమాట.

తాత ఎక్కడికి వెళతాడు?

తిరుగు ప్రయాణంలో మావాడు అందరినీ అడగడం మొదలెట్టాడు, టైం మిషన్ ఉంటే ఎక్కడికి వెళతారని. వాడైతే రేపటికి వెళ్లి లెక్కల పేపరు చూసి వస్తాడట. మా చెల్లెలు రాయలవారి నగల కోసం 1526కే ఓటేసింది. ‘నువ్వు తాతయ్యా?’

నాన్న కళ్లజోడు ఎక్కడ పెట్టారో రోజూ వెతుక్కుంటారు. కానీ ఈ జవాబుకి తడుముకోలేదు.

‘డెబ్భై ఏడు, నవంబరు పద్దెనిమిది. శుక్రవారం.’

మాకెవరికీ అర్థం కాలేదు. మెల్లగా చెప్పారు. అప్పటికి పెనుమూడి దగ్గర కృష్ణమీద వంతెన లేదు. నాన్నతో చదువుకునే స్నేహితుడు ఒకాయన ఆ సాయంత్రం పడవెక్కి అవతలి ఒడ్డుకి, దివిసీమలో సొంతూరికి వెళ్లారు. రేవు దాకా సాగనంపింది నాన్నే. మర్నాడు ఉప్పెన వచ్చింది. 10 వేలమందికి పైగా పోయారు. ఆయన తిరిగి రాలేదు.

‘రేవులో నిలబడి, ఈ వారం వెళ్లొద్దురా అంటా. అంతే. ఆ ఒక్క మాటకే వెళతా’ అన్నారు.

ముప్ఫై అయిదేళ్లుగా ఆయన కూతుర్ని. ఈ మాట ఎప్పుడూ వినలేదు. ఒక పాత సినిమా, ఒక చిన్నపిల్లాడి ప్రశ్న కలిస్తే బయటికొచ్చింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి మా చెల్లెలే అంది: ‘నాన్నా, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే కదా తీరం దాటింది. ఎక్కడ దాటుతుందో ముందే చెప్పారు. సూర్యలంక వైపు ఎవర్నీ పోనివ్వలేదు. రేపు వచ్చేది ఇవాళే చూసి చెప్పడమంటే... ఆ మిషన్ కొంచెం కనిపెట్టినట్టే కదా!’ నాన్న తల ఊపారు. మచిలీపట్నంలో ఉన్న రాడార్ గురించి మనవడికి రేపల్లె వెళ్లాక చెబుతానన్నారు. మావాడు అప్పుడే సెలవులకి వస్తానని మాటిచ్చేశాడు.

కాబట్టి నా తీర్పు ఇది. పాతదాని పేరుతో కొత్తది వస్తే తప్పకుండా చూడొచ్చు. కాకపోతే మొదటిరోజే పరిగెత్తకండి. ముందు ఇంట్లో పాతది పెట్టి, పెద్దవాళ్లనీ పిల్లల్నీ పక్కపక్కన కూర్చోబెట్టండి. కొత్తది చూసొచ్చినవాళ్లని గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయని అడగొద్దు. ‘ఈసారి ఎక్కడికి, ఎందుకు వెళ్లారు?’ అని అడగండి. రెండో ప్రశ్నకి జవాబు ఉంటే టిక్కెట్టు తీయండి. లేకపోతే ఆ డబ్బుతో రేపల్లె బండెక్కి భట్టిప్రోలులో దిగండి. అక్కడి బౌద్ధస్తూపం మిమ్మల్ని క్రీస్తుపూర్వానికి తీసుకెళుతుంది. చార్జీ చాలా తక్కువ!

‘ఆదిత్య 999’ గురించి నాన్నని అడిగాను. పాత పార్టీ నాయకుడు కదా, అగ్గిమీద గుగ్గిలమవుతారనుకున్నాను.

‘తీయనీ. మిషన్ కొత్తదైతే నాకేం అభ్యంతరం? రేవు దగ్గర కాసేపు ఆపమను’ అన్నారు.