పందెపుటప్పునకు పత్రమెందుకు?

అప్పు తీర్చుట ధర్మమనుటలో మనవారికి సందేహము లేదు. ఋణశేషము జన్మాంతరమునకైనను వెంటవచ్చునని నమ్మిన సమాజము మనది. విత్తనములకు తెచ్చిన అప్పు, వైద్యమునకు తెచ్చిన అప్పు, పిల్ల పెండ్లికి తెచ్చిన అప్పు కరవు కాలములలో సైతము ఎట్లో తీరుచుండుటకు ఆ నమ్మకమే కారణము. అయితే జూదములో ఓడినవాడు పడిన బాకీ కూడ ఈ వరుసలో చేరునా? చేరదని శాసనము చెప్పుచున్నది. చేరునని మన పల్లెలు నమ్ముచున్నవి. సంసారములు చితికిపోవుచున్నది ఈ రెంటి నడుమనే.

శాసనము మాట ముందుగా చూతము. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 30వ సెక్షను పందెపు ఒప్పందము చెల్లదన్నది. పందెములో గెలిచితినని చెప్పుకొను సొమ్మునకై దావా వేయరాదన్నది. గుఱ్ఱపు పందెముల బహుమతులకు చిన్న మినహాయింపు తప్ప, నూటయేబది యేండ్లు దాటినను ఆ మాట మారలేదు. ఇక తెలంగాణలో జూదమే నిషిద్ధము. 1974 నాటి జూద చట్టమును 2017లో సవరించి, నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తొలగించి, ఆన్‌లైన్ ఆటలను కూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించుచు శాసనము చేసినది. అందు శిక్ష నడపువానికి, ప్రకటించువానికి, సొమ్ము చేరవేయువానికే గాని ఆడినవానికి కాదు.

అన్ని దేశములలో ఇట్లు లేదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రములో క్యాసినో ఇచ్చు అరువునకు ఆటగాడు వ్రాసియిచ్చు మార్కరును చెక్కుతో సమానముగా పరిగణింతురు. దానిని చెల్లింపనివాడు మోసగాడై జైలుకు పోవచ్చును; వసూలునకు ప్రభుత్వ న్యాయవాది కార్యాలయమే పూనుకొనును. అచ్చట జూదగృహము వెనుక రాజ్యము నిలిచియున్నది. మన రాష్ట్రములో రాజ్యము ఓడినవాని వైపు నిలిచియున్నది. అయినను మనవాడే ఎక్కువగా నష్టపోవుచుండుట విచిత్రము.

కారేపల్లినే తీసికొనుడు. డోర్నకల్లు నుండి భద్రాచలం రోడ్డునకు పోవు రైలుమార్గములో ఇల్లెందు శాఖ చీలు కూడలి ఇది. బొగ్గుగనుల సంస్థకు తన పేరిచ్చిన సింగరేణి గ్రామము ఈ మండలములోనిదే. పత్తి, మిరప పండించు రైతు, కూలిమనిషి, అడవిని నమ్ముకొన్న గిరిజనుడు, గనులలో పనిచేసినవాడు ఇచ్చట ఇరుగుపొరుగున బ్రదుకుచున్నారు. పంట అమ్మిన వారముననే చేతిలో రొక్కము కనబడును. పేకముక్కలు పరచువాడు కూడ ఆ వారము కొఱకే కాచుకొనియుండును. సంక్రాంతికి గోదావరి జిల్లాల కోడిపందెపు బరులు పిలుచును. తక్కిన దినములలో చేతిలోని ఫోను పిలుచును. క్యాసినోకు విమానమెక్కి పోవువాడు వేఱు, చింతచెట్టు క్రింద తువ్వాలు పరచి కూర్చుండువాడు వేఱు. ఓడిన పిమ్మట వారిద్దరి ముందు నిలుచువాడు మాత్రము ఒక్కడే. వాడు బరి ప్రక్కనే సొమ్ము సర్దు వడ్డీవ్యాపారి.

ఈ వ్యాపారి శాసనము నెఱిగినవాడు. పందెపు బాకీ న్యాయస్థానమున నిలువదని వానికి తెలియును. అందుచేతనే ప్రామిసరీ నోటు వ్రాయించును. అందు ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తము’ అని వ్రాసియుండును. కుటుంబమునకు పైసా చేరలేదు; బాకీలో మాత్రము కుటుంబము చేరినది! దానికి తోడు అంకె వేయని చెక్కుపై సంతకము. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము ప్రకారము చెల్లని చెక్కు ఇచ్చినవానికి రెండేండ్ల వఱకు శిక్ష పడవచ్చును. చెక్కు న్యాయమైన బాకీకే ఇచ్చెనని న్యాయస్థానము ముందుగా భావించును. కాదని చూపు భారము ఇచ్చినవానిది. అనగా నలుగురిలో నిలువబడి, ‘ఇది జూదపు బాకీ’ యని వాడు నోరు విప్పి చెప్పవలెను. ఆ మాట చెప్పుటకు వానికి సిగ్గు. ఆ సిగ్గే వడ్డీవ్యాపారికి తిరుగులేని సాక్షి.

‘గెలిచియుండినచో పుచ్చుకొనెడివాడు గదా, ఓడినప్పుడు ఇచ్చుట మగతనము గాదా?’ యని కొందఱందురు. మాట నిలుపుకొనుట మంచిదే. కాని ఎవరి సొమ్ముతో నిలుపుకొనుచున్నాడు? కూలివాండ్ర బాకీ నిలిచిపోవును, కిరాణా కొట్టు పద్దు పెరుగును, భార్య పొదుపు సంఘములో తెచ్చిన అప్పు దారి మళ్లును. ఒకనికి మాట దక్కించుటకు నలుగురికి మాట తప్పుచున్నాడు. తన్ను తాను ఓడినవానికి నన్నొడ్డు అధికారమెక్కడిదని ద్రౌపది కురుసభలో అడిగినది. ఆ సభలోని పెద్దలు సమాధానము చెప్పలేకపోయిరి. నేడు మన యింటి ఇల్లాలు ఆ ప్రశ్ననే అడుగుటకు ఆమెకు బాకీ సంగతియే తెలియనీయరు.

కావున చేయవలసిన మొదటి పని బాకీని ఇంటిలో చెప్పుట. ఋగ్వేదములోని జూదరి సూక్తమున అప్పులపాలైన వానిని తల్లియు తండ్రియు సోదరులును తమవాడు కాడని త్రోసివేయుదురు. అట్లు త్రోసినచో వాడు మఱల ఆ వడ్డీవ్యాపారి వాకిటికే పోవును. తిట్టదలచినవారు తిట్టుడు, కాని తలుపు మూయకుడు. రెండవది, ఓడిన రాత్రి ఏ కాగితముపైనను సంతకము పెట్టకుండుట. మూడవది, బెదిరింపు వచ్చినచో దాచకుండుట. బెదిరించుటయు, బెదిరించి సొమ్ము గుంజుటయు భారతీయ న్యాయ సంహిత ప్రకారము నేరములు. స్త్రీలకు, షెడ్యూలు కులములవారికి, గిరిజనులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి చట్టము వలన కలదు. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుని భూమి గిరిజనేతరునికి మారుట చెల్లదని 1959 నాటి రెగ్యులేషను, 1970 నాటి సవరణ చెప్పుచున్నవి. బాకీ పేరు చెప్పి పొలములో అడుగుపెట్టినవాడు అక్కడ యజమాని కాడు.

జూదమాడినవాడు తప్పు చేయలేదని నేననను. ఆ తప్పునకు వాడు సిగ్గుపడవలసినదే. కాని ఆ సిగ్గు వానిని ఆటకు దూరముగా నుంచవలెను గాని, వాని బిడ్డల అన్నమును వడ్డీవ్యాపారి పద్దులోనికి మార్చరాదు. నిజమైన అప్పునకు పత్రము వ్రాయుటలో తప్పులేదు. పందెపుటప్పునకు పత్రమడుగువాడు అది అప్పు కాదని తానే ఒప్పుకొనుచున్నాడు.