చిత్రకారుడి పద్దు పుస్తకం, మోసగాడి ముద్ర

విదేశాలకు వెళ్లిన చిత్రకారుల యాత్రాస్మృతులంటే కొత్త ఆకాశాల వర్ణనలూ, రంగుల పరవశమూ నిండి ఉంటాయని పాఠకులు సాధారణంగా అనుకుంటారు; కానీ యూరప్ కళాచరిత్రకారులు ఎంతో విలువనిచ్చే ఒక యాత్రా దినచర్య చాలామేరకు జమాఖర్చుల చిట్టా. జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి చెందిన ఆల్బ్రెక్ట్ డ్యూరర్ (1471–1528) భార్య ఆగ్నెస్‌నూ, పనిమనిషి సుసన్నానూ వెంటబెట్టుకుని 1520 జూలైలో నెదర్లాండ్స్‌కు, అంటే నేటి బెల్జియం, హాలండ్ ప్రాంతాలకు బయలుదేరి, ఏడాది తరువాత ఇల్లు చేరేదాకా బసకు ఇచ్చినది, పడవకు ఇచ్చినది, జూదంలో పోయినది, బొమ్మలు అమ్మగా వచ్చినది, ఎవరికి ఏ బొమ్మ ఊరికే ఇచ్చినదీ వరసగా రాసుకున్నాడు. మూలప్రతి పోయింది, నకళ్ల ద్వారానే అది నేటి పాఠకులకు అందింది. పర్యాటకులూ కళాకారులూ ఆన్‌లైన్ మోసాల వలలో చిక్కుతున్న ఈ రోజుల్లో ఆ పద్దు పుస్తకాన్ని మళ్లీ తెరవడానికి గట్టి కారణం ఉంది.

యాత్ర ఉద్దేశమే కాగితాలకు సంబంధించినది. చక్రవర్తి మాక్సిమిలియన్ డ్యూరర్‌కు ఏటా 100 ఫ్లోరిన్ల భృతి మంజూరు చేశాడు. 1519లో ఆయన మరణించడంతో, కొత్తగా గద్దెనెక్కిన ఐదవ చార్లెస్ చేత దాన్ని తిరిగి ధ్రువీకరింపజేసుకోవలసి వచ్చింది. ఆ కాలంలో నదుల వెంట అడుగడుగునా సుంకం చౌకీలుండేవి, ఒక్కో చౌకీ ఒక్కో ప్రభువుది. బాంబెర్గ్ బిషప్‌కు ఒక మేరీమాత చిత్రాన్నీ, తన అచ్చు బొమ్మల పుస్తకాలనూ సమర్పించిన డ్యూరర్, ఆయన నుంచి సుంకం మినహాయింపు పత్రం పొంది చౌకీ చౌకీకీ దాన్ని చూపిస్తూ సాగాడు. చాలాచోట్ల అది చెల్లింది. రైన్ నది మీద ఎహ్రెన్‌ఫెల్స్ చౌకీలో మాత్రం అధికారి 2 ఫ్లోరిన్లు కట్టించుకుని, రెండు నెలల్లోగా తగిన మినహాయింపు పత్రం తెస్తే ఆ సొమ్ము తిరిగి ఇస్తానన్నాడు. ఆ షరతు కూడా దినచర్యలోకి ఎక్కింది. అధికారి ఎంత దర్పంగా ఉన్నాడన్నది కాక, ఎంత తీసుకున్నాడు, ఏ షరతు మీద తీసుకున్నాడు అన్నవే రాయదగిన విషయాలుగా ఆ యాత్రికుడికి తోచాయి.

లెక్కలు రాసే ఈ చేయి ఆశ్చర్యపడడం మరచిపోలేదు. బ్రస్సెల్స్‌లో, మెక్సికో నుంచి చక్రవర్తికి వచ్చిన సంపదలో బారెడు వెడల్పున్న బంగారు సూర్యబింబాన్నీ, అంతే ఉన్న వెండి చంద్రబింబాన్నీ చూసి, వాటి వెలకన్నా వాటిని చేసిన దూరదేశపు పనివాళ్ల సూక్ష్మబుద్ధికి ఎక్కువగా అబ్బురపడ్డాడు. ఆంట్‌వెర్ప్‌లోని పోర్చుగీసు వర్తక ప్రతినిధులు కొబ్బరికాయలూ చిలకలూ కానుకగా ఇచ్చారు. అతడికి అందిన వస్తువుల పట్టికలో కాలికట్ వస్త్రాల పేరు కనిపించినప్పుడు, వాస్కో డ గామా తెరిచిన సముద్రమార్గపు సరుకు ఇరవై ఏళ్లు తిరిగేసరికే ఒక జర్మన్ చిత్రకారుడి పెట్టెలోకి చేరిందని భారతీయ పాఠకుడికి తెలిసివస్తుంది. జీలాండ్ తీరంలో పెద్ద తిమింగలం ఒడ్డున పడిందని విని, 1520 డిసెంబరు చలిలో చూడబోయాడు. వెళ్లేసరికి అల అప్పటికే దాన్ని సముద్రంలోకి తీసుకుపోయింది. దారిలో పడవ గాలికి కొట్టుకుపోయి ప్రాణాల మీదికి వచ్చింది. తరువాత తన ఒంటిని పట్టుకుని వదలని జ్వరానికి ఆ ప్రయాణమే మూలమని అతడు భావించాడు. చార్లెస్ భృతిని ధ్రువీకరించినా, నెదర్లాండ్స్ పాలకురాలు మార్గరెట్ మాత్రం తాను ఇచ్చిన బొమ్మలకు బదులుగా ఏమీ ఇవ్వలేదనీ, ఈ దేశంలో చేసిన ప్రతి వ్యవహారంలోనూ తనకు నష్టమే మిగిలిందనీ చివరికి తేల్చుకున్నాడు. ఇంత నిక్కచ్చిగా నష్టం ఒప్పుకున్న యాత్రాస్మృతులు తెలుగులోనే కాదు, ఏ భాషలోనైనా తక్కువే.

భర్త చక్రవర్తి కోసం కొలోన్ వైపు వెళ్లిన రోజుల్లో, ఆంట్‌వెర్ప్ పెద్ద చర్చిలో ఒక దొంగ ఆగ్నెస్ నడుముకు వేలాడే డబ్బుసంచిని కోసుకుపోయాడు. డ్యూరర్ తిరిగివచ్చాక రాసిన పద్దులో పోయిన రోజు ఉంది, చోటు ఉంది, సంచిలోని 2 ఫ్లోరిన్లు ఉన్నాయి, సంచి వెల ఉంది, లోపలి తాళంచెవుల ప్రస్తావన కూడా ఉంది. భార్య అజాగ్రత్త మీద దెప్పిపొడుపు మాత్రం లేదు. మోసపోయినవాళ్లను ముందుగా వెక్కిరించే అలవాటు బలంగా ఉన్న సమాజానికి ఈ సంయమనం కొంచెం కొత్తగానే ఉంటుంది.

డ్యూరర్‌కు తగిలిన అసలు దొంగతనం వేరే ఉంది. అతడి జీవనాధారంలో పెద్ద భాగం ముద్రాచిత్రాలు, అంటే కొయ్యదిమ్మె మీదో రాగిరేకు మీదో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అనేక ప్రతులుగా తీసే బొమ్మలు. ఆగ్నెస్ వాటిని సంతల్లో అమ్మేది. చిత్రకారుడు ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లకు కూడా అవి చేరేవి. గీసినవాడు ఎదురుగా లేని చోట కొనేవాడికి హామీగా నిలిచేది బొమ్మ మూలలో ఉన్న ఒక చిన్న ముద్ర: ‘ఏ’ అక్షరం కాళ్ల మధ్య ‘డి’ అక్షరం. 1506లో వెనిస్ నుంచి మిత్రుడు పిర్క్‌హైమర్‌కు రాసిన ఉత్తరాల్లో, అక్కడి చిత్రకారులు తన పనిని తెగడుతూనే చర్చిల్లో దాన్ని కాపీ కొడుతున్నారనీ, వాళ్లతో కలిసి తినడం తాగడం పెట్టుకోవద్దని స్నేహితులు హెచ్చరించారనీ డ్యూరర్ చెప్పుకున్నాడు. మార్కాంటోనియో రైమొండీ అనే ఇటాలియన్ చెక్కుడు కళాకారుడు మేరీమాత జీవితం మీద డ్యూరర్ వేసిన వరస బొమ్మలను ముద్రతో సహా దించేశాడు. డ్యూరర్ వెనిస్ ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాడనీ, బొమ్మలను కాపీ చేయడాన్ని ప్రభుత్వం ఆపలేదు గానీ ముద్రను మాత్రం వాడకూడదని ఆజ్ఞాపించిందనీ ఇటలీ చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. ఈ కథనాన్ని చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. అయితే 1512లో న్యూరెంబర్గ్ నగర మండలి తీసుకున్న నిర్ణయం మాత్రం అధికారిక పత్రాల్లోనే ఉంది: పురభవనం నీడన కూర్చుని దొంగ ముద్ర ఉన్న బొమ్మలు అమ్ముతున్న ఒక పరాయి ఊరి మనిషిని పిలిచి, ముద్రలన్నీ తీసెయ్యాలని, లేకపోతే సరుకంతా జప్తు చేస్తామని మండలి హెచ్చరించింది. అంతకు ముందు ఏడాదే, అంటే 1511లో, డ్యూరర్ తన పుస్తకాల చివర దొంగలకు ఘాటైన హెచ్చరిక అచ్చువేసి, చక్రవర్తి ఇచ్చిన రక్షణ హక్కును ప్రకటించాడు.

నేటి సైబర్ మోసం దొంగిలించేది కూడా సరిగ్గా ఈ ముద్రనే. బ్యాంకు చిహ్నం, పోలీసు దుస్తులు, కస్టమ్స్ శాఖ లెటర్‌హెడ్, సుపరిచితమైన గొంతు, పేరు పక్కన నీలి గుర్తు, ఇవన్నీ మనిషి ఎదురుగా లేని చోట నమ్మకానికి బదులుగా నిలిచే గుర్తులే కనుక, వాటిని అచ్చు గుద్దడం నేర్చినవాడికి తాళం పగలగొట్టే పని ఉండదు. ఫోను తెర మీద కనిపించే నంబరును కూడా మార్చి చూపించవచ్చు. దీన్ని సాంకేతిక భాషలో స్పూఫింగ్ అంటారు. అమెరికాలోని భారత రాయబార కార్యాలయం తన ఫోను నంబర్లతోనే మోసగాళ్లు కాల్ చేసి, పాస్‌పోర్టులోనో వీసా పత్రంలోనో తప్పుందని బెదిరించి, దిద్దుబాటుకు డబ్బు అడుగుతున్నారని పలుమార్లు హెచ్చరించింది. కొత్తగా అమెరికా చేరిన తెలుగు విద్యార్థికి ఆ నంబరు సరైనదిగానే కనిపిస్తుంది, చెప్పే తప్పు జరిగి ఉండవచ్చనీ అనిపిస్తుంది. అందువల్ల వచ్చిన కాల్‌ను ఎంత పరీక్షించినా లాభం లేదు. దాన్ని పెట్టేసి, కార్యాలయపు అసలు వెబ్‌సైట్‌లోని నంబరుకు తానే తిరిగి చేయడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి గంటల తరబడి కదలనివ్వని ‘డిజిటల్ అరెస్ట్’కూ ఇదే మందు, అటువంటి అరెస్టు భారతీయ చట్టంలో ఎక్కడా లేదు.

చిత్రకారులకు ప్రత్యేకంగా వచ్చే మోసం ఒకటుంది, దాన్ని కాస్త నిదానంగా చూడాలి. దూరదేశంలో ఉన్నానని చెప్పుకునే వ్యక్తి ఈమెయిల్ రాసి, భార్యకు కానుకగా ఫలానా చిత్రం కావాలంటాడు. కొలతలు అడగడు, బేరం ఆడడు. (బేరమాడని కొనుగోలుదారు కళారంగంలో ఎంత అరుదో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు, అనుమానం అక్కడే మొదలు కావాలి.) తరువాత అడిగిన వెలకన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, పొరపాటున ఎక్కువ వచ్చిందనీ, మిగిలినదాన్ని చిత్రం తీసుకుపోయే రవాణా ఏజెంటుకు పంపమనీ కోరతాడు. అమెరికా వంటి దేశాల్లో చెక్కు నిజంగా వసూలు కాకముందే ఆ సొమ్మును వాడుకోనిస్తారు కాబట్టి, ఖాతాలో అంకె కనిపించగానే చిత్రకారుడు తన సొంత డబ్బును ఏజెంటుకు పంపేస్తాడు; కొన్ని రోజులకో వారాలకో చెక్కు చెల్లలేదని బ్యాంకు మొత్తం సొమ్ము వెనక్కి తీసుకుంటుంది. ఏజెంటూ కొనుగోలుదారూ ఒకే మనిషి. భారతదేశంలో దీని రూపం మరింత పొట్టిది: అడ్వాన్సు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు పంపడానికి పిన్ కావాలి, అందుకోవడానికి ఎన్నడూ అక్కర్లేదు. డబ్బు పడిందని చెప్పే సందేశాన్నో స్క్రీన్‌షాట్‌నో నమ్మకుండా బ్యాంకు యాప్‌లోని నిల్వను చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. ప్రవేశ రుసుము కడితే విదేశీ ప్రదర్శనలో చోటిస్తామనే ఆహ్వానాల సంగతి కొంత వేరు. వాటిలో కొన్ని పూర్తిగా బోగస్, కొన్ని నిజంగానే గోడ అద్దెకిస్తాయి. రెండో రకం నేరం కాదు గానీ గౌరవమూ కాదు.

విదేశం నుంచి వచ్చిన పార్సెల్ కస్టమ్స్‌లో ఆగిందనే బెదిరింపు ఎహ్రెన్‌ఫెల్స్ చౌకీని గుర్తుకు తెస్తుంది. భారత కస్టమ్స్ శాఖ పంపే అధికారిక ఉత్తరాలకు డిన్ అనే గుర్తింపు సంఖ్యను 2019 నవంబరు నుంచి వేస్తున్నారు. దాన్ని శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ముద్రను కాకుండా ముద్ర వెనుక ఉన్న దాఖలాను పరీక్షించే వీలు పౌరుడికి కల్పించిన మంచి ఏర్పాటు ఇది. సుంకాన్ని వ్యక్తుల ఖాతాల్లో వేయమని ఏ కస్టమ్స్ అధికారీ అడగడు.

డ్యూరర్ దినచర్యకూ నేటి యాత్రాస్మృతులకూ ఉన్న పెద్ద తేడా రాసే అలవాటులో లేదు, బయటపెట్టే వేళలో ఉంది. అతడు రోజూ రాశాడు, కానీ అది ఇంటి పుస్తకం. ఇప్పటి కళాకారుడు విమానం ఎక్కేముందు ఒక ఫోటో, దిగాక ఒకటి, హోటల్ కిటికీ నుంచి మరొకటి లోకానికి పంచుతాడు. ఆ వరసను చూస్తున్న మోసగాడికి అతడు ఏ నగరంలో ఉన్నాడో, ఎన్ని గంటలు ఫోనుకు అందడో, ఇంటి దగ్గర ఎవరున్నారో వెతుక్కోకుండానే తెలిసిపోతుంది. పరాయి దేశంలో ప్రమాదం జరిగిందని, పోలీసులు పట్టుకున్నారని తల్లిదండ్రులకు వచ్చే కాల్ సరిగ్గా ఆ వేళకే వస్తుంది. కొన్ని క్షణాల ధ్వని నమూనాతో గొంతును అనుకరించే కృత్రిమ మేధ పరికరాలు అందుబాటులోకి వచ్చాక, ‘గొంతు మావాడిదే’ అన్న మాట సాక్ష్యంగా పనికిరాదు. కుటుంబంలో ముందే అనుకున్న ఒక గుర్తుమాట, ఇంటివాళ్ల దగ్గర ప్రయాణ వివరాల కాగితం, ఊరు దాటాకే ఆ ఊరి ఫోటోలు పెట్టడం, ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. స్మృతి అన్నది వెనక్కి తిరిగి చూస్తే వచ్చేది కాబట్టి, వారం ఆలస్యమైతే దాని రుచి తగ్గదు.

పద్దు రాసే అలవాటు మోసం జరిగాక మరింత అక్కరకొస్తుంది. 1930 అనే జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాసినా అడిగేవి ఆగ్నెస్ సంచి పద్దులో ఉన్నటువంటి వివరాలే: ఎప్పుడు, ఎంత, ఏ ఖాతా నుంచి, ఏ లావాదేవీ సంఖ్య మీద. అవి ఎంత త్వరగా చేరితే, సొమ్ము ఖాతాలు మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని అనధికార లావాదేవీని సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుడికి నష్టబాధ్యత ఉండదు. తానే పిన్, ఓటీపీ చెప్పినట్లయితే మాత్రం బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం అతడిదే.

చిక్కు ఈ చివరి వాక్యంలోనే ఉంది. నమ్మించి చెప్పించడమే నేటి మోసపు పద్ధతి అయినప్పుడు, చెప్పినవాడిదే తప్పు అనే సూత్రం మోసగాడికే అనుకూలిస్తుంది. ఫోన్ చేసే గొంతు కూడా కొన్నిసార్లు మరో బాధితుడిదే. ఉద్యోగాల పేరుతో కంబోడియాకు తరలించిన తెలుగు యువకులతో బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఇంత వ్యవస్థీకృతమైన వ్యాపారాన్ని ఒంటరి పౌరుడి జాగ్రత్త మీదే వదిలెయ్యడం అన్యాయం. న్యూరెంబర్గ్ మండలి డ్యూరర్ బొమ్మలు కొనేవాళ్లకు జాగ్రత్తలు చెప్పి ఊరుకోలేదు, తన గుమ్మం ముందు అమ్ముతున్నవాడిని పిలిపించింది. దొంగ ముద్రల ప్రకటనలకు డబ్బు తీసుకుని చోటిచ్చే సామాజిక మాధ్యమాలను ఆ విధంగా పిలిపించే ప్రభుత్వాలు తక్కువ. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసగాడి మాట నమ్మి దేశంలోని మరో ఖాతాకు తానే సొమ్ము పంపిన బాధితుడికి కూడా 85,000 పౌండ్ల వరకు బ్యాంకులు తిరిగి చెల్లించాలి, ఆ భారాన్ని పంపిన బ్యాంకూ అందుకున్న బ్యాంకూ చెరిసగం మోయాలి. కమీషన్ కోసం ఇతరులకు అప్పగించే అద్దె ఖాతాల మీదే మోసాలు నడుస్తున్న భారతదేశంలో, ఆ ఖాతాలను తెరిచి కళ్లు మూసుకున్న బ్యాంకు చేత సగం కట్టించే నిబంధనను రిజర్వు బ్యాంకు తీసుకురావాలి.