కంచే చేను మేస్తే...

మన సికిందరాబాదులో ఎవరైనా పది రోజులు విడవకుండా దగ్గితే చాలు, "ఇస్నోఫీలియా అయి వుంటుంది" అని పక్కింటివాళ్ళు తీర్పు చెప్పేస్తారు. పేరు అందరికీ తెలుసు. ఆ పేరుగల కణం ఒంట్లో ఏం చేస్తుందో కాలేజీ మెట్లెక్కిన మనలో మాత్రం ఎంతమందికి తెలుసు? ఈ తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

ఉబ్బసమంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవడమేనని అనుకుంటాం. అది సగం నిజం. అసలు కథ రక్షక కణాలది. పుప్పొడి, పక్కబట్టల్లోని ధూళి పురుగు, బొద్దింకల పొడి - ఇవేవీ ప్రాణం తీసే శత్రువులు కావు. అయినా ఎలర్జీ తత్వం వున్నవారిలో, శ్వాసనాళాల్లో పహరా కాసే కణాలు వాటిని పట్టుకెళ్ళి టి-కణాల ముందు హాజరు పరుస్తాయి. రెండో రకం సహాయక టి-కణాలు వెంటనే ఆజ్ఞలు జారీ చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-4 అందుకుని బి-కణాలు ఐజిఇ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-5 ఇస్నోఫిల్ కణాలను రప్పిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-13 కఫాన్ని పెంచుతుంది. ఐజిఇ పోయి మాస్ట్ కణాల మీద ఎక్కుపెట్టిన తుపాకిలా కూర్చుంటుంది. మళ్ళీ అదే ధూళి తగిలిందా, నిమిషాల్లో హిస్టమిన్ వంటివి వెలువడి గొట్టాలు బిగుస్తాయి. కొన్ని గంటల తరువాత ఇస్నోఫిల్ దండు దిగి వాపును ముదర పెడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే!

ఈ దండు పనికిమాలినదేమీ కాదు. పరాన్నజీవులైన పురుగులను ఎదుర్కోవడంలో దానికి పాత్ర వుంది. బోదకాలు క్రిమి పిల్లల మీద ఊపిరితిత్తుల్లో ఇదే దండు విరుచుకుపడితే రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు వస్తాయి. దానికి వాడే డైఇథైల్ కార్బమజైన్, మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947 నాటికి వెలువడిన మందు. కనుక ఇస్నోఫీలియా అన్నంత మాత్రాన అందరిదీ ఒకే జబ్బు కాదు, అందరికీ ఒకే మందూ కాదు.

సైన్యం వున్నచోట దాన్ని అదుపులో పెట్టేవారూ వుండాలి కదా. ఆ పని చేసే నియంత్రక టి-కణాలను 1995లో జపాను శాస్త్రజ్ఞుడు సకగూచి గుర్తించాడు. మరి ఇద్దరు అమెరికన్లతో కలిసి 2025లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. "ఇది ధూళేనయ్యా, ఊరుకో" అని సర్దిచెప్పే పెద్దమనుషులు ఈ కణాలు. ఎలర్జీ ఉబ్బసంలో వీటి మాట సరిగా చెల్లదు.

ఇక నా వాదన. బిగుతును సడలించే పంపు మాత్రం పీల్చి, వాపును తగ్గించే స్టెరాయిడ్ పంపును "అలవాటైపోతుంది" అని మానేసేవాళ్ళు మన హాస్టళ్ళలో వున్నారు. బిగుతు సడలుతుంది గాని లోపలి యుద్ధం ఆగదు. ఒక్క సడలింపు పంపునే నమ్ముకోవద్దని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి. పీల్చే స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో వుంటుంది, అది వ్యసనం కాదు. పెళ్ళిచూపుల నాడు పంపు దాచే అమ్మాయి, పరీక్ష హాల్లో సిగ్గుపడి జేబులోనే వుంచుకునే అబ్బాయి - వీళ్ళకు ఆ సిగ్గు నేర్పింది మనమే.

మృగశిర కార్తెకు చేపమందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరే జనాన్ని నేను ఎగతాళి చేయను. ఊపిరాడని బాధ ఎంత దూరమైనా నడిపిస్తుంది. ఉచితంగా ఇచ్చేవారి సేవాభావాన్నీ కాదనను. కాని అది ఈ యుద్ధాన్ని ఆపుతుందని శాస్త్రీయ పరీక్షలో రుజువు కాలేదు. కొర్రమీను మింగినా సరే, పంపు మాత్రం మానవద్దని నా మనవి.

మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. 1897లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని చూసి, తప్పు గాలిది కాదని తేల్చింది మన ఊళ్ళోనే. ఉబ్బసంలో మాత్రం గాలికీ పాలుంది, మన కణాలకీ పాలుంది. కణాల సంగతి డాక్టర్లు చూస్తారు. గాలి సంగతి మన యూనియన్ చూడవచ్చు. ఆవరణలో ఆకులు, చెత్త తగలబెట్టడం మాన్పించండి. వయ్యారిభామ మొక్కను పూతకు రాకముందే పీకించండి. ప్రథమ చికిత్స పెట్టెలో ఒక పంపు, ఒక స్పేసర్ పెట్టించండి. ఎన్నికల్లో మనం అంటించే పోస్టర్ల ఖర్చు కన్నా ఇది తక్కువే!