లాక్‌డౌన్ గాలి నేర్పిన లెక్క

తల్లిదండ్రుల సమావేశాల్లో లాక్‌డౌన్ ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఎన్ని తిప్పలు పడ్డా, అప్పుడు గాలి మాత్రం బాగుండేది మాస్టారూ!" నిజమే. 2020 మార్చి 25న దేశమంతా ఇళ్లలో కూర్చుంది. ఏప్రిల్ మొదటివారంలోనే పంజాబులోని జలంధర్ వాసులు తమ మిద్దెల మీద నుంచి హిమాచల్‌లోని ధౌలాధార్ మంచుకొండలను చూశారు. ఉత్తర భారతంలో గాలిలోని ధూళి, పొగ కణాలు ఏడాదిలో ఆ సమయానికి ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా తగ్గాయని నాసా ఉపగ్రహాల సమాచారం చెప్పింది.

దీని నుంచి చాలామంది తీసుకున్న నీతి ఒక్కటే: మనిషి కదలకపోతే ప్రకృతి బాగుపడుతుంది. పిల్లల వ్యాసరచన పోటీల్లోనూ ఈ వాక్యం పదే పదే కనిపిస్తోంది. ఉపాధ్యాయులుగా మేము ఈ నీతితో ఏకీభవించలేం. ఇది సగం పాఠం మాత్రమే.

ముందుగా, ఆ గాలికి మనం ఎంత ధర కట్టామో గుర్తు చేసుకుందాం. మన తెలుగువాళ్లు తరతరాలుగా బతుకుతున్న షోలాపూరులో, భివండీలో మరమగ్గాలు ఆగిపోయాయి. మగ్గం ఆగితే పొగ సంగతి దేవుడెరుగు, పొయ్యి ఆగిపోతుంది. చెన్నైలో మా బడి పిల్లల తల్లిదండ్రుల్లో రోజు కూలీలు, ఇళ్లలో పనిచేసేవారు, చిల్లర వ్యాపారులే ఎక్కువ. వారికి నెలల తరబడి చేతిలో పైసా ఆడలేదు. తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది 2021 నవంబరు 1న. వీధిలో బోర్డులన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండే ఊళ్లో, తెలుగు అక్షరం కనిపించేది బడిలోనే. ఏడాదిన్నర దాటి బడి మూతపడితే ఒత్తులూ గుణింతాలూ ఏమయ్యాయో చిన్న తరగతులు చెప్పే టీచర్లందరికీ తెలుసు. ఇంత ధర పెట్టి కొన్న గాలి అన్‌లాక్ మొదలయ్యాక ఎన్నాళ్లు నిలిచింది? ఆ నవంబరు వచ్చేసరికి ఢిల్లీని మళ్లీ పొగమంచు కమ్మేసింది.

ఇక రెండో సగం. గాలిలో ఉన్నదంతా ఒకే మురికి కాదు. బండ్ల పొగ గొట్టాల నుంచి ఎక్కువగా వచ్చేది నైట్రోజన్ డై ఆక్సైడ్. గాలిలో దాని ఆయువు కొన్ని గంటలే. బండ్లు ఆగగానే మన నగరాల మీద అది చప్పున పడిపోయింది. సూక్ష్మ ధూళి కణాల తీరు వేరు. రెండున్నర మైక్రాన్ల లోపు, అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని ఈ కణాలు రోజుల తరబడి గాలిలో తేలుతూ వందల కిలోమీటర్లు పోతాయి. ఇవి బండ్ల నుంచే కాదు, బొగ్గు నుంచి, కట్టెల పొయ్యి నుంచి, తగలబెట్టిన చెత్త నుంచి, పొలాల్లో పెట్టిన మంటల నుంచి కూడా వస్తాయి. అందుకే ఇవి తగ్గాయి గానీ మాయం కాలేదు.

ఓజోన్ అయితే కొన్నిచోట్ల పెరిగింది కూడా. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండి మనల్ని కాపాడే ఓజోన్ వేరు, నేల దగ్గర ఊపిరితిత్తులను మండించే ఓజోన్ వేరు. బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మామూలు రోజుల్లో ఈ నేల ఓజోన్‌ను కొంత తినేస్తుంది. ఆ పొగ తగ్గడంతో ఓజోన్‌కు అడ్డు లేకపోయింది. ఒక్క మీట నొక్కితే గాలి మొత్తం శుభ్రపడదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన దక్షిణాది సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. ఉత్తరాన కణాలు అంతగా తగ్గినప్పుడు దక్షిణ భారతంలో ఆ స్థాయిలో తగ్గలేదని, అంతకుముందు నాలుగేళ్లకన్నా కాస్త ఎక్కువగానే కనిపించాయని అదే నాసా 2020 ఏప్రిల్‌లో చెప్పింది. వాతావరణం, పొలం మంటలు, గాలివాటం కారణాలు కావచ్చని అంది. ఉత్తర చెన్నైలో ఎన్నూరు, మణలి వైపు ఉండేవారికి మరో విషయం తెలుసు. విద్యుత్తు, చమురు శుద్ధి అత్యవసర సేవలు కనుక లాక్‌డౌన్ నుంచి వాటికి మినహాయింపు ఇచ్చారు. మనుషులు ఇళ్లలో ఉన్నా పొగ గొట్టాలకు సెలవు లేదు.

కాబట్టి పిల్లలకు చెప్పాల్సింది "కదలకండి" అని కాదు. ఏది ఆగితే ఏది తగ్గిందో విడదీసి చూపాలి. ఆ లెక్క తేలితే బడి ముందర మనం ఏం చేయాలో కూడా తేలుతుంది. బండ్ల పొగ అన్నిటికన్నా త్వరగా తగ్గేదని 2020 రుజువు చేసింది. ఆ పొగ పిల్లలకు అన్నిటికన్నా దగ్గరగా తగిలేది బడి గేటు దగ్గరే. పిల్లలు పెద్దవాళ్లకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. వాళ్ల ముక్కు ఎత్తు కూడా మనకన్నా పొగ గొట్టానికి దగ్గర.

ఇక్కడ మైనారిటీ బడుల పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. "పిల్లల్ని నడిపించి పంపండి" అనడం తేలిక. విద్యాహక్కు చట్టం నియమాలు ఐదో తరగతి వరకు కిలోమీటరు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలంటాయి. ఆ దూరంలో బడి ఉన్నా అది తెలుగు బడి కాకపోతే మన పిల్లలకు ఉపయోగం ఏమిటి? మా తరగతిలో రెండు బస్సులు మారి వచ్చేవారున్నారు, షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చేవారున్నారు. పిల్లలు తక్కువయ్యారని ఒక తెలుగు సెక్షన్ ఎత్తేసిన ప్రతిసారీ మిగిలిన పిల్లల ప్రయాణం పెరుగుతుంది. రోజూ పీల్చే పొగ కూడా దానితోపాటే పెరుగుతుంది. సెక్షన్లు కలిపేటప్పుడు పిల్లల సంఖ్య చూసే అధికారులు ఈ దూరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తల్లిదండ్రుల కమిటీలు ఈ వాదనను రాతపూర్వకంగా వారి ముందు పెట్టాలి. తెలుగు మీద అభిమానంతో చేసే విన్నపాన్ని పక్కన పెట్టడం తేలిక. పిల్లల ఊపిరితిత్తుల మాట అంత తేలికగా పక్కన పెట్టలేరు.

మన చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. గేటు ముందు ఆగిన బండి ఇంజను ఆపేయాలి. వీలైతే పిల్లల్ని యాభై అడుగుల ముందే దింపాలి. ఒకే పేట నుంచి వచ్చే పిల్లలకు నాలుగు ఆటోల బదులు ఒక వ్యాను మాట్లాడుకోవాలి. తమిళనాడులో బడి పిల్లలకు బస్ పాస్ ఉచితం. బస్సు వేళలు బడి వేళలకు కలవకపోతే డిపోకు అర్జీ పెట్టాలి. ఊడ్చిన ఆకులూ కాగితాలూ బడి ఆవరణలో తగలబెట్టడం మానాలి. భోగి మంట మన తెలుగువాళ్లదీ, తమిళులదీ కూడా. 2018 భోగినాడు చెన్నైలో కమ్ముకున్న పొగకు విమానాల రాకపోకలే దెబ్బతిన్నాయి. పిడకలూ ఎండుకట్టెలూ వేయాల్సిన మంటలో పాత టైర్లు వేయడం ఏ సంప్రదాయం?

టీచర్లుగా మా వంతు ఒకటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో ఏ రోజుకారోజు గాలి నాణ్యత తెలుస్తుంది. ఉదయం ప్రార్థన తర్వాత ఒక విద్యార్థి ఆ అంకెను తెలుగులో బోర్డు మీద రాయవచ్చు. వర్షం పడిన రోజు, పండుగ రోజు, సెలవు రోజు అంకె ఎలా మారిందో నెలాఖరున గ్రాఫు గీయించవచ్చు. సైన్సు, లెక్కలు, తెలుగు మూడూ అందులోనే వస్తాయి.

గేటు దగ్గర ఇంజను ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. దూరం సంగతి మాత్రం అందరం కలిసి అడగాల్సిందే.