వడదెబ్బ చావులకు లెక్కేది? కూలీకి నీడేది?

ఏప్రిల్ వచ్చిందంటే ప్రభుత్వం నుంచి ఒక ప్రకటన వస్తుంది. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇల్లు కదలొద్దు, గొడుగు వేసుకోండి, మజ్జిగ తాగండి అని. మాట మంచిదే. కానీ కిలోకింతని మిరపకాయలు కోసే కూలీ మధ్యాహ్నం ఇంట్లో కూర్చుంటే ఆ పూట పొయ్యి ఎలా వెలుగుతుంది? కొనుగోలు కేంద్రంలో కాంటా కోసం రోజుల తరబడి ధాన్యం రాశి దగ్గర కాపలా ఉన్న రైతు ఏ ఇంటికి పోతాడు? బస్తాలు మోసే హమాలీకి నీడ ఎక్కడుంది? ఎండలో పని తప్పనివాళ్లను తలచుకుని రాసిన ప్రకటన కాదది.

2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇది సర్కారు ఒప్పుకున్న లెక్క. వడదెబ్బ చావు అని రాయించుకోవాలంటే పోస్టుమార్టం జరగాలి, తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి అవునని తేల్చాలి. పొలం నుంచి వచ్చి మంచం మీద ఒరిగి, తెల్లారేసరికి కన్నుమూసిన మనిషి కోసం ఇంతా ఎవరు చేస్తారు? ఊళ్లో గుండెపోటు అనుకుంటారు, దహనం చేస్తారు. లెక్కలోకి రాని చావుకు పరిహారం రాదు, నివారణా రాదు.

లెక్క ఎలా తీయాలో అహ్మదాబాద్ చూపించింది. 2010 మే నెలలో అక్కడ ఎండ 46 డిగ్రీలు దాటింది. పరిశోధకులు వడదెబ్బ అని రాసిన కాగితాల కోసం చూడలేదు. ఆ నెలలో నగరంలో నమోదైన మరణాలన్నిటినీ 2009, 2011 మే నెలలతో పోల్చారు. 1,344 మరణాలు అదనంగా తేలాయి. ఆ అంకె ముందు పెట్టేసరికి నగరపాలక సంస్థ కదిలింది. 2013లో వడగాడ్పుల ప్రణాళిక తెచ్చింది: ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, బస్తీల్లో మంచినీళ్లు. ఆ తర్వాత ఏటా సగటున 1,190 మరణాలు తప్పాయని మరో అధ్యయనం అంచనా వేసింది. నగరానికి వీలైన పని మండలానికి ఎందుకు వీలు కాదు? పంచాయతీలో జనన మరణ రిజిస్టరు ఉంది. తీసి చూసేవాళ్లే లేరు.

ఎండ చంపేది వడదెబ్బతో ఒక్కటే కాదు. నీళ్లు చాలక, విశ్రాంతి లేక రోజూ ఎండలో ఒళ్లొంచితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మధ్య అమెరికాలో చెరకు నరికే యువకులు వేల మంది ఈ జబ్బుతోనే పోయారు. మన ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఎవరూ తేల్చలేదు, మేమూ అనడం లేదు. అయితే ఎల్ సాల్వడార్‌లో ఆఖరి మాట తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2015 కోతల్లో ఒక చెరకు కూలీల బృందానికి వీపున మోసుకెళ్లే నీళ్ల సంచి, తరలించే గుడారం నీడ, వేళకు విశ్రాంతి, మెరుగైన కత్తి ఇచ్చి చూశారు. రోజుకు మనిషికి 5.1 టన్నులున్న కోత 7.3 టన్నులకు పెరిగింది. విశ్రాంతి ఇస్తే పని పడిపోతుందనే వాదనకు ఇదే జవాబు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే పనిచోట మంచినీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. వేసవిలో మట్టి గట్టిపడుతుంది, మనిషి అలసిపోతాడు అని ఒప్పుకుని, మన రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం వేసవి భత్యం ఇచ్చిన రోజులున్నాయి. అంటే ఎండకు కూలి లెక్క మారాలన్న సూత్రాన్ని ప్రభుత్వమే అంగీకరించింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం అంది. మంచి అడుగే. కానీ చచ్చాక నాలుగు లక్షలిచ్చే చెయ్యి బతికుండగా ఒక పందిరి వేయలేదా?

ఇక మన మాట. ఈ పత్రిక చదివేవాళ్లలో కూలీలను పిలిచే రైతులూ ఉన్నారు. ధర గిట్టక, అప్పు తీరక మనమే నలిగిపోతున్నాం, నిజమే. అయినా ఆ భారాన్ని కూలీ ఒంటి మీదికి దించడం న్యాయం కాదు. తెల్లవారుజామున పని మొదలుపెట్టి పదకొండుకి ఆపడం, గట్టు మీద పాత టార్పాలిన్ కట్టడం, బిందెడు నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ పెట్టడం, ఆగిన గంటకు కూలి కోయకపోవడం మన చేతిలో ఉన్నవే. ముందు మనం చేస్తేనే సర్కారును అడిగే నోరు ఉంటుంది.

మన డిమాండ్లు ఇవి. ప్రతి మండలంలో వేసవి మరణాలన్నిటినీ గత ఏళ్లతో పోల్చి లెక్క ప్రకటించాలి. ప్రతి కొనుగోలు కేంద్రంలో పందిరి, మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ ఉండాలి. కాంటా ఆలస్యమైతే అధికారి జవాబు చెప్పాలి. ఉపాధి పనుల్లో వేసవి భత్యం ఏటా తప్పక ఇవ్వాలి. వేసవి చివర కూలీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్రపిండాల పరీక్ష ఉచితంగా చేయాలి.

గ్రామ శాఖలు ఈ ఎండాకాలం ఒక నోటు పుస్తకం పెట్టండి. ఊళ్లో ఎవరు, ఏ రోజు, ఏ పని చేసి వచ్చి పడిపోయారో రాయండి. సర్కారు తీయని లెక్క మనం తీసి, కలెక్టర్ బల్ల మీద పెడదాం.